ఎనుముకు మేత మార్చినట్టు

పోయిన ఆషాఢంలో నా బరువు 84 కిలోలు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో పొద్దస్తమానం కుర్చీలోనే. పదకొండింటికి ఎగ్ పఫ్, నాలుగింటికి బజ్జీలు, మధ్యలో లెక్కలేనన్ని టీలు. కడుపులో మంచి బ్యాక్టీరియా పెరిగితే సన్నబడతారని ఫోన్లో చూసి, తొమ్మిది వందలు పెట్టి ప్రొబయోటిక్ క్యాప్సూల్స్ కొన్నా. నెల మింగినా ముల్లు కదల్లేదు. పఫ్ మానలేదు కదా!

2013లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ బృందం చేసిన ప్రయోగం గురించి ఆ తర్వాత చదివా. కవల అక్కచెల్లెళ్లు, ఒకరు లావు, ఒకరు సన్నం. వాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాను, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలకు ఎక్కించారు. లావు మనిషి బ్యాక్టీరియా అందిన ఎలుకలకు కొవ్వు ఎక్కువ పట్టింది. రెండు రకాలనూ ఒకే బోనులో పెడితే ఒకదాని పెంటికలు ఒకటి తిన్నాయి (ఛీ అనకండి, ఎలుకలంతే). అట్లా సన్న ఎలుకల బ్యాక్టీరియా రెండోవాటి పేగుల్లో చేరి కొవ్వు పట్టకుండా ఆపింది. అదీ కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న మేత పెట్టినప్పుడే. కొవ్వు మేతకి అవి నిలవలేదు. ఎలుకల సంగతి మనుషులకు అంత సూటిగా వర్తించదు గానీ, నా తొమ్మిది వందలు ఎందుకు దండగయ్యాయో మాత్రం అర్థమైంది.

ఇంక పీచు మీద పడ్డా. మొదటి రోజే రెండు గిన్నెల అలసంద గుగ్గిళ్లు. రాత్రంతా కడుపు డోలు. కళ్యాణదుర్గం పక్కన మా ఊరికి పోయినప్పుడు అమ్మతో చెప్తే నవ్వింది. "ఎనుముకు ఎండుగడ్డి మాన్పి ఒక్కసారే పచ్చిమేత ఏస్తే ఉబ్బదేంరా? దినానికింత కలుపుతా పోవల్ల."

ఎనుము గడ్డిని సొంతంగా అరిగించుకోలేదు, దాని కడుపులోని సూక్ష్మజీవులే పులియబెడతాయి. మనకు ఆ పని పెద్దపేగులో జరుగుతుంది. మనకు అరగని పీచును బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తుంది. పేగు గోడకు తిండి అదే. నా గ్యాసూ ఆ పులియడం వల్లే.

గుప్పెడు గుగ్గిళ్లతో మళ్లీ మొదలుపెట్టా. ఇప్పుడు రాత్రికి రాగి సంగటి, ఊరిబిండి, పుంటికూర. మధ్యాహ్నం వారానికి మూడుసార్లు కొర్రన్నం. సంక్రాంతికి 79 కిలోలు. అందులో సగం ఘనత పఫ్ మానినందుకే ఇవ్వాలి. ఆదివారం ఉగ్గాని బజ్జీ సంగతి మాత్రం అడక్కండి.