30 డిగ్రీల దగ్గర

మా పనిచోట దాన్ని కప్పల గది అనే అంటాం. వరసలు వరసలుగా తొట్లు, ఆగని పంపుల రొద, ఎప్పుడూ 18 డిగ్రీల దగ్గర ఉండే నీళ్ళు. డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చిన నాలుగేళ్ళకు పని అనుమతి చేతికందితే, నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఒక ప్రయోగశాలలో యానిమల్ కేర్ టెక్నీషియన్‌ని. ఉన్నవన్నీ ఆఫ్రికా జెనోపస్ కప్పలు. వెనక కాళ్ళకు మూడేసి నల్లటి గోళ్ళు. గుళికలు వేస్తే ఒకదాని మీద ఒకటి పడి తింటాయి.

అలాంటివి ఒక చలికాలం రెండు తిండి మానేశాయి. ఒళ్ళంతా పుండ్లు, నడుము ఎముక తేలింది. వెటర్నరీ డాక్టరమ్మ ఒకదాన్ని కోసి చూస్తే కాలేయం నిండా తెల్లటి బుడిపెలు. రంగు వేసిన స్లైడు నాకూ చూపించింది. నీలం మీద సన్నటి ఎర్రటి పుల్లలు. "మైకోబాక్టీరియం" అంది. టీబీ తెచ్చే క్రిమి కూడా ఆ కుటుంబందే. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. మా నాన్నకు టీబీ వచ్చినప్పుడు నేను ఏడో తరగతి.

కప్పలకు నయం చేసే దారి లేదు. ఆ తొట్టిలోవన్నీ మత్తునీళ్ళలో పెట్టి చంపేశాం. ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఈ క్రిమి తొట్టి గోడల జారుడు పొరలో దాక్కుంటుంది, ఒంటి చుట్టూ మైనంలాంటి పొర ఉండటంతో క్లోరిన్‌కి త్వరగా లొంగదు. అందుకని పైపులన్నీ ఊడదీసి తోమాం. తోముతుంటే గ్లవ్ చిరిగి వేలు గీరుకుంది. ఆ నీళ్ళ నుంచి మనిషికీ రావచ్చని పనిలో చేరినప్పుడు మాకెవరూ చెప్పలేదు.

మూడు వారాలకు చూపుడువేలి కణుపు మీద ఊదారంగు గడ్డ లేచింది. నొప్పి లేదు. మొదట చూసిన డాక్టరు మామూలు యాంటీబయాటిక్ రాశారు. ఏం పని చేస్తావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అనుమతి రెన్యువల్‌కి పెట్టి ఉన్నాను. పనిలో వచ్చిన జబ్బంటే ఉద్యోగం ఎక్కడ పోతుందోనన్న భయం. ఆ భయంతో రెండు నెలలు పోగొట్టుకున్నాను. మణికట్టు దగ్గర ఇంకో గడ్డ వచ్చింది.

రెండో డాక్టరు చెయ్యి చూస్తూనే, "ఇంట్లో చేపల తొట్టి ఉందా?" అన్నారు. అప్పుడు కప్పల సంగతి మొత్తం చెప్పేశాను. గడ్డలోంచి ముక్క తీసి పంపేటప్పుడు ల్యాబ్ చీటీ మీద ఆయన 30 డిగ్రీలు అని రాశారు. ల్యాబులో క్రిముల్ని మామూలుగా మన ఒంటి వేడి, 37 దగ్గర పెంచుతారు. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల్లో గుర్తించిన ఈ మైకోబాక్టీరియం మారినం ఆ వేడిలో సరిగా ఎదగదు. ఆ అంకె రాయకపోతే నా గడ్డలో ఏమీ లేదని కాగితం వచ్చి ఉండేది. మనిషికి వచ్చినా ఎక్కువగా చల్లగా ఉండే చేతుల దగ్గరే ఆగడానికీ అదే కారణం. ఒకరి నుంచి ఒకరికి అంటదని విన్నాక పిల్లను మళ్ళీ పక్కలో పడుకోబెట్టుకున్నాను.

నాలుగు నెలలు రిఫాంపిసిన్, ఎథాంబుటాల్ వేసుకున్నాను. రెండూ నాన్న మింగిన మాత్రలే. మూత్రం నారింజ రంగులో వచ్చిన మొదటి రోజు, పెరట్లోంచి వచ్చి అమ్మను పిలిచిన నాన్న గొంతు గుర్తొచ్చింది. అమ్మకు మాత్రం మందులయ్యేదాకా చెప్పలేదు.

తమ్ముడు కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తాడు. వాడికి చెప్పాను: మానని గడ్డ ఏదైనా ఉంటే, చెరువుల్లో చేతులు పెడతానని డాక్టరుకు నువ్వే ముందు చెప్పు, అడిగేదాకా ఆగకు. "చేపల పట్టుబడి రోజున వేళ్ళు తెగకుండా ఉంటాయా అక్కా?" అన్నాడు. చేతులు ఫొటో తీసి పంపమన్నాను. పెద్దది చేసి ఒక్కో వేలూ చూశాను. ఎడమ బొటనవేలి మీద ఒకటుంది.

"ఇదెన్నాళ్ళ నుంచిరా?" అన్నాను.