రిటైరయ్యాక విశాఖ తీరానికి వచ్చేయాలంటే ముందు రోహిణి కార్తెలో వచ్చి చూడండి

డిసెంబరులోనో సంక్రాంతి సెలవుల్లోనో వచ్చి, ఆర్కే బీచ్‌లో రెండు సాయంత్రాలు తిరిగి, మూడో రోజు భీమిలి రోడ్డులో సైటుకి అడ్వాన్సు ఇచ్చేసేవాళ్ళు చాలామంది. జనవరిలో విశాఖ ఎవరికైనా నచ్చుతుంది. పగలు 28, 29 డిగ్రీలు, రాత్రి స్వెటర్ అక్కర్లేనంత చలి. ఆ నెలని చూసి ఊరిని ఎంచుకుంటే పెళ్ళిచూపుల్లో పట్టుచీర చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టే.

రావలసింది రోహిణి కార్తెలో. అంటే మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా. మామూలుగా రుతుపవనాలు అప్పటికి ఇంకా అందవు, ఉక్క మాత్రం గాలిలో నిండి ఉంటుంది. థర్మామీటరు 34 అని మాత్రమే చూపిస్తుంది, అదే రోజు విజయవాడలో 42 ఉండొచ్చు. ఆ అంకె చూసి మోసపోవద్దు. 32 డిగ్రీల వేడికి 75 శాతం తేమ తోడైతే ఒంటికి 42 డిగ్రీల పైన ఉన్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే చెమట పడుతుంది గానీ ఆరదు. అసలు ఇబ్బంది రాత్రిది. హైదరాబాదులో మే నెలలో కూడా తెల్లవారుజామున కాస్త చల్లబడుతుంది. ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 28కి అటూ ఇటూగా ఆగిపోతుంది. కాబట్టి హోటల్ ఏసీ గదిలో కాకుండా, ఫ్యాను కింద నాలుగు రాత్రులు పడుకుని చూడండి. అరవై దాటిన శరీరం దానికి ఏమంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఇంత చెప్పినా, మన తీరంలో చల్లదనం లెక్కన విశాఖ, భీమిలి వైపే మొగ్గు. కారణం తీరం వాలు. ఎండాకాలంలో లోపలి నేల మీంచి వచ్చే పడమటి గాలి బందరు, బాపట్ల, ఒంగోలు, నెల్లూరు వైపు సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా ఒడ్డు ఎక్కనివ్వదు. అది రాని రోజు సముద్రం పక్కనే ఉన్నా వడగాడ్పే. విశాఖ దగ్గర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. అందుకని నైరుతి నుంచి వీచే గాలి ఇక్కడికి చాలావరకు నీళ్ళ మీంచే వస్తుంది. గాలి పూర్తిగా పడమటికి తిరిగిన రోజు విశాఖా వేగిపోతుంది, కానీ అలాంటి రోజులు తక్కువ.

విశాఖలోనే రెండు వాతావరణాలు ఉన్నాయని కూడా తెలుసుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలు రెండు చోట్ల నుంచి వస్తాయి, వాల్తేరు ఒకటి, ఎయిర్‌పోర్టు ఒకటి. వేసవిలో ఎయిర్‌పోర్టు అంకె సాధారణంగా ఎక్కువ. కొండల వరసకి అవతల పడ్డ గోపాలపట్నం, పెందుర్తి వైపు సముద్రపు గాలి నీరసంగా చేరుతుంది. ఇటు పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ, ఎండాడ, సాగర్‌నగర్, రుషికొండ మీదుగా భీమిలి దాకా ఉన్న పట్టీలో గాలి తగులుతుంది. బ్రోకరు "బీచ్‌కి పది నిమిషాలు" అంటాడు, నిజమే కావచ్చు. మధ్యలో కొండ ఉందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి. ఫ్యాక్టరీల సంగతీ అంతే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విష రసాయనపు ఆవిరి లీకయినప్పుడు, నిద్రలో ఉన్నవాళ్ళకి గాలి ఎటు వీస్తే అటు ప్రాణాల మీదకొచ్చింది. ఇంటికి ఏ దిక్కున ఏ పరిశ్రమ ఉందో మ్యాపులో ఒక్కసారి గీసుకుని చూడండి.

ఇక బీచ్ ఫేసింగ్ మోజు. బాల్కనీలో కూర్చుంటే అలలు కనబడాలన్న కోరిక తప్పు కాదు, కానీ దానికి ప్రతి ఏడూ రిపేరు రూపంలో కట్టాలి. ఉప్పు తుంపర అలలు విరిగే చోట పుట్టి, ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలావరకు వాలిపోతుంది. ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు లోపలికి జరిగితే గాలి వస్తుంది, ఉప్పు బాగా తగ్గుతుంది. ముందు వరసలో ఉంటే తలుపు కీళ్ళ స్క్రూలు, గ్యాస్ స్టవ్ అడుగు, ఫ్రిజ్ వెనక గొట్టాలు, గేటు తాళం, అన్నీ త్వరత్వరగా తుప్పు పడతాయి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లో అల్యూమినియం రేకులు పొడిపొడిగా రాలిపోతాయి. రేకులకి రక్షణ పూత ఉన్న మోడల్ కొని, నెలకోసారి మంచినీళ్ళతో కడిగితే కొన్నేళ్ళు ఎక్కువ వస్తుంది. రెయిలింగుకి స్టీలు అని చెప్పి 304 గ్రేడు వేస్తారు, దాని మీద టీ మరకల్లాంటి చుక్కలు వచ్చేస్తాయి. ఒడ్డున ఉండే ఇంటికి 316 గ్రేడు అడగాలి. కిటికీలకి యూపీవీసీ మేలు.

పాత ఫ్లాటు కొనేటప్పుడు హాలు, వంటగది తర్వాత చూడొచ్చు. ముందు సముద్రం వైపు బాల్కనీకి వెళ్ళి తలెత్తి పై శ్లాబు అడుగు చూడండి. ఒక చివరి నుంచి రెండో చివరికి తాడు పట్టి గీసినట్టు తిన్నగా సన్నటి బీట ఉంటే, దాని లోపల చువ్వ ఉంది, అది తుప్పు పడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని లోపల నుంచి తోస్తుంది. మొదట బీట, తర్వాత ఇటుక రంగు మరక, ఆ తర్వాత పెచ్చులు ఊడటం, వరస ఇదే. కర్ర చివరతోనో చిన్న సుత్తితోనో శ్లాబు అడుగున, సన్‌షేడ్ల మీద, స్తంభాల మూలల్లో తట్టండి. గట్టి చోట ఖంగున మోగుతుంది, పెచ్చు విడిపోయిన చోట కుండ తట్టినట్టు గుల్లగా పలుకుతుంది. కొత్తగా రంగు వేసి ఉంటే మరింత శ్రద్ధగా తట్టాలి, రంగు బీటని దాచగలదు గానీ శబ్దాన్ని దాచలేదు. పార్కింగులో స్తంభాల అడుగు భాగం, నీళ్ళ ట్యాంకు కింది బీములు కూడా వదలొద్దు. ఒక్క బాల్కనీ అయితే బాగు చేయించుకోవచ్చు. స్తంభాల్లో మొదలైతే అపార్టుమెంటు మొత్తం కలిసి ఖర్చు పెట్టాలి, అసోసియేషన్లో అందరూ ఒప్పుకునేసరికి మీ రిటైర్మెంటు గడిచిపోతుంది.

సొంతంగా కట్టుకునేవాళ్ళు కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 ఏం చెబుతోందో మేస్త్రీకి కాగితం మీద రాసివ్వాలి. తీర వాతావరణానికి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. అలవాటుగా వాడే 20 మిల్లీమీటర్ల కవర్ బిళ్ళలు శ్లాబుకి పెట్టేశారంటే సగం ఆయుష్షు అక్కడే పోయినట్టు. శ్లాబు పోసే రోజు ఉదయం స్కేలు పట్టుకుని దగ్గర నిలబడటం తప్ప దీనికి వేరే మందు లేదు. కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. సైట్లో వేసిన బోరు ఉప్పగా ఉంటే ఆ నీళ్ళు తాగడానికే కాదు, కట్టడానికీ పనికిరావు, ట్యాంకరు తెప్పించాలి. స్లాగ్ సిమెంటు ఉప్పుని మామూలు సిమెంటు కంటే బాగా తట్టుకుంటుంది.

నీళ్ళ పరీక్ష కూడా మే నెలలోనే. వానాకాలంలో తియ్యగా ఉన్న బోరు, అందరూ తోడగా తోడగా వేసవికి ఉప్పెక్కుతుంది, భూగర్భంలో మంచినీళ్ళు తగ్గిన మేర సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది మరి. నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకి వస్తుంది. జేబులో వేసుకుని, మీరు చూసే ఇంటి కుళాయిలోనే కాదు, వీధిలో మరో మూడు ఇళ్ళలోనూ ముంచి చూడండి. 500 లోపు ఉంటే హాయి. ప్రమాణాల ప్రకారం వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు గానీ, ఆ నీళ్ళతో గీజరు కాయిలు, కుళాయి వాచర్లు తరచూ మార్చుకుంటూ ఉండాలి. ఆర్వో వంటకీ తాగడానికీ సరిపోతుంది, స్నానానికి కాదు కదా. మున్సిపల్ నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, వేసవిలో ట్యాంకరుకి ఎంత, అన్నవి వాచ్‌మన్‌ని అడగండి, బిల్డరుని కాదు.

కాగితాల దగ్గర మూడు ఉచ్చులు. మొదటిది సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలం. పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ ఉంటుంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 దాటిన పల్లె ప్రాంతాల్లో మొదటి 50 మీటర్లు, మిగతా పల్లె ప్రాంతాల్లో 200 మీటర్లు కొత్త కట్టడాలకి పనికిరావు. పట్టణ ప్రాంతంలో అయితే ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడాలకో లోపలి వైపునే కట్టనిస్తారు. ఈ నియంత్రణ సముద్రానికే కాదు, పోటు నీళ్ళు ఎక్కే ఏటి గట్లకీ వర్తిస్తుంది, దూరాల లెక్క మాత్రం వేరు. భీమిలి దగ్గర గోస్తని కలిసే చోట "రివర్ వ్యూ" ప్లాట్లు చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. రెండోది 22-ఎ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా. సర్వే నంబరు అందులో ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో చూసుకోండి, డి-పట్టా భూమి అంటే అసైన్డు, ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి, అక్కడే ఆగిపోవడం మంచిది. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల వివాదం తెలియకుండా అడవివరం, వేపగుంట వైపు చౌకగా వచ్చిందని కొనుక్కుని కోర్టుల చుట్టూ తిరగొద్దు. మూడోది గెడ్డలు. కొండల మీంచి వాన నీళ్ళు సముద్రానికి వెళ్ళే గెడ్డని పూడ్చి లేఅవుట్ వేస్తే, కాగితం మీద అది చక్కటి ప్లాటే. గట్టి వాన వస్తే నీళ్ళకి పాత దారి గుర్తుంటుంది. గ్రామ పటంలో గెడ్డ గుర్తు చూడండి, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చే లేఅవుట్ అనుమతి (ఎల్పీ) నంబరు అడగండి, పాత లావాదేవీలు చూపే ఈసీ ముప్పై ఏళ్ళకి తీయించండి.

తుపాను సంగతికి వస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకి 180 కిలోమీటర్ల వరకు వెళ్ళింది. కాకినాడ, బందరు లాంటి చదును తీరాల్లో భయం ఉప్పెనది. 1977 నవంబరు 19న దివిసీమకి ఏమయిందో చెప్పక్కర్లేదు. విశాఖలో నేల త్వరగా ఎత్తు పెరుగుతుంది కాబట్టి నీటి కంటే గాలి ప్రమాదం ఎక్కువ. సముద్రం వైపు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టుకోవద్దనేది అందుకే. హుద్‌హుద్ తర్వాత చాలా ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. ఆరో అంతస్తులో అరవై ఎనిమిదేళ్ళ వాళ్ళు బకెట్లు మోయాల్సిన పరిస్థితి ఊహించుకోండి. లిఫ్టుకీ మోటారుకీ జనరేటరు ఉన్న భవనంలో రెండో అంతస్తో మూడో అంతస్తో చూసుకోవడం తెలివి. సంపు ఎన్ని రోజులకి సరిపోతుందో అడగండి.

ఆసుపత్రి దూరం కిలోమీటర్లలో కొలవొద్దు, శనివారం రాత్రి ఎనిమిది గంటలకి కారులో వెళ్ళి నిమిషాల్లో కొలవండి. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే, అందులో స్కానింగ్ కూడా పూర్తి కావాలి. గుండెపోటుకి ప్రతి నిమిషం లెక్కే. భీమిలి నుంచి ఆసుపత్రులున్న ఆరిలోవ హెల్త్ సిటీకైనా, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కైనా బీచ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చినట్టు ఆదివారం సాయంత్రం రాలేరు. అందుకే ఇద్దరే ఉండే దంపతులకి భీమిలి కంటే ఎండాడ, ఎంవీపీ చుట్టుపక్కలే సరైనవి అనిపిస్తుంది, గజం ధర ఎక్కువైనా సరే. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే ప్లాట్ల గురించి ఒక్క మాట. రిటైరయినవాళ్ళు ఎయిర్‌పోర్టుకి ఏడాదికి రెండుసార్లు వెళ్తారు, డాక్టరు దగ్గరికి నెలకోసారి.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి విశాఖలో వాళ్ళ వైద్య పథకం సీజీహెచ్ఎస్ ఉంది. తెలంగాణ ప్రభుత్వ పెన్షనర్లు మాత్రం నగదు రహిత వైద్యం ఇక్కడ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ఇల్లు ఖాయం చేసుకోకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి ఆన్‌లైన్‌లో జీవన్ ప్రమాణ్ ఉంది కాబట్టి దాని కోసం పాత ఊరికి పరుగెత్తక్కర్లేదు.

హైదరాబాదులోనో ఇంకో చోటో ఉన్న మీ పాత ఇల్లు ముందే అమ్మేయొద్దు. అమ్మితే గడియారం నడవడం మొదలవుతుంది. లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే కొత్త ఇల్లు రెండేళ్ళలో కొనాలి, లేదా మూడేళ్ళలో కట్టాలి, రిటర్ను గడువులోపు వాడని సొమ్ముని క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. ఆ తొందరలోనే 22-ఎ, గెడ్డ, గుల్ల శ్లాబు, ఏదో ఒకటి మెడకి చుట్టుకుంటుంది.

ఉద్యోగం ఇంకో మూడు నాలుగేళ్ళు ఉండగా సెలవులు పెట్టుకుని రోహిణి కార్తెలో పది రోజులు, దీపావళి ముందు వాయుగుండాల కాలంలో వారం చూసి వెళ్ళండి. రిటైరయిన ఏడాది మే 15 నుంచి పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకి దిగండి. ఉక్క, వానలు, తుపాను నెలలు, ఆ సుఖమైన జనవరి, అన్నీ ఆ ఒక్క అగ్రిమెంటులోకి వచ్చేస్తాయి. ఏప్రిల్లో ఇల్లు ఖాళీ చేసే ముందు ఇంటావిడని అడగండి, మళ్ళీ మే నెల ఇక్కడే ఉందామా అని.