బోరుకొచ్చిన బండి

పొద్దున తొమ్మిదికల్లా ఆటోనగర్‌లో ఉన్నాను. లేత్ షాపు షట్టర్ అప్పటికి సగమే లేచింది. నాన్న 1998లో కొన్న మారుతి 800 తాలూకు ఇంజిను బ్లాకు లోపల బల్ల మీద బోసిగా కూర్చుని ఉంది.

నెల నుంచి నీలం పొగ. మా వీధి ఇస్త్రీ అతను కూడా "బోరుకొచ్చింది సార్" అని తేల్చేశాడు, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగాయి, తొలిపించాలని. మా మెకానిక్ బాబాయ్ మాత్రం తొందరపడలేదు. సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, అదే కంప్రెషన్, గేజి పెట్టి చూస్తే మూడోదాంట్లో తక్కువ వచ్చింది. ప్లగ్గు బెజ్జంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు లేచింది. వాల్వుల జబ్బైతే ఆయిల్‌కి లేవదట. అప్పుడు అన్నాడు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు పోయాయని.

నా దగ్గరున్నది ఇరవై ఐదు వేలు. లేత్ కూలి, బాబాయ్ కూలి పోగా సామాన్లకు మిగిలేది పద్నాలుగు. అందులోనే కిందటి వారం ఓ తెలివితక్కువ పని చేశాను. చవగ్గా వస్తున్నాయని పావు ఓవర్‌సైజు పిస్టన్లు, అంటే పావు మిల్లీమీటరు లావువి, ముందే కొనేశాను. ఇవాళ లేతాయన గేజి దింపి చూస్తే మూడో బోరు అరుగుదల పావుకి తేలదన్నాడు. 68.5 మిల్లీమీటర్ల బోరు 69కి వెళ్లాల్సిందే, ఒక్కదాని కోసం మూడూ. కొలత తీశాక పిస్టన్లు కొనాలి, అవి ఆయన చేతికిచ్చాక వాటికి సరిపోయేలా బోరు కొట్టించాలి. నేను వరస తిరగేశాను. కొట్టతను మూడొందలు కోసుకుని మార్చిచ్చాడు, అదే నయం.

ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా సామాన్లకు కరువు లేదు. ఓమ్నీకీ ఇదే 796 సీసీ ఇంజిను. చిక్కల్లా ఒకే సామాను మూడు రకాల డబ్బాల్లో, మూడు ధరల్లో కౌంటరెక్కడమే. పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్: వీటికి మంచి సరుకే తీసుకున్నాను. వాటర్ పంపు రెండేళ్ల కిందటే మార్చాం, దాన్ని కదపలేదు.

ఆయిల్ పంపు దగ్గర మాత్రం అరగంట నలిగాను. పాతది తిరుగుతూనే ఉందిగా అని నా వాదన.

"అరిగిన బేరింగుల పొడి అంతా దాని కడుపులోంచే పోయింది అబ్బాయ్. రేపు ప్రెషర్ పడిపోతే కొత్త బేరింగులు మళ్లీ నువ్వే కొనాలి," అన్నాడు బాబాయ్. కొన్నాను. క్రాంకు వెనకవైపు ఆయిల్ సీలు కూడా. దాని ధర టీ ఖర్చంత, దాని కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించితే కూలి మాత్రం తడిసి మోపెడు.

క్లచ్ ప్లేటూ ఇప్పుడే మార్చమన్నాడు. రివెట్ల పైన ఇంకా మందం ఉంది, వద్దన్నాను. ఆయన మొహం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు.

ఇంత తతంగం ఎందుకు, పాత ఇనుము కొట్లో పదిహేను వేలకు ఇంజినే ఇప్పిస్తానని పక్క షెడ్డు కుర్రాడు చెవి కొరికాడు. ఆ ఇంజిను ఎన్ని ఊళ్లు తిరిగిందో ఎవరికెరుక. నంబరు మారితే ఆర్సీ కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడం అదనం.

సాయంత్రం పిస్టన్లు అప్పజెప్పాను. లేతాయన ఒక్కోదాన్నీ మైక్రోమీటర్‌తో కొలిచి, నెత్తిన 1, 2, 3 అని మార్కరుతో రాసుకున్నాడు. బ్లాకు మంగళవారం ఇస్తాడట.

ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీదే ఉన్నాడు. "ఎంతైంది?"

"వాటర్ పంపు పాతదే చాలన్నారు నాన్నా," అన్నాను.