ఊదారంగు ముద్ర దగ్గర ఆగిపోయిన అతుకు

చిరిగిన పాత కామిక్స్ పేజీని గోధుమ పిండి జిగురుతో, పలచని జపాన్ టిష్యూ కాగితంతో అతికిస్తుంటే మళ్లీ నీటి గీత వచ్చింది. ఈసారి రాదనే అనుకున్నాను. జిగురు బాగా చిక్కగా ఉంచాను, ఏసీ వేసి గదిలో తేమను 56 శాతానికి దించాను, మొదటి అరగంటలో బ్లాటింగ్ పేపరు ఐదేసి నిమిషాలకు ఒకసారి మార్చాను. మర్నాడు పొద్దున బరువు తీసి చూస్తే అతుకుకు రెండు పక్కలా టీ మరకలాంటి సన్నని గీత, సరిగ్గా 3 మిల్లీమీటర్ల దూరంలో, కొలబద్ద పెట్టి గీసినట్టు కనిపించింది. కాసేపు ఆ పేజీ మొహం చూడబుద్ధి కాలేదు.

నయం, అది అసలు పుస్తకం కాదు. చెన్నై ట్రిప్లికేన్‌లో పైక్రాఫ్ట్స్ రోడ్డు పేవ్‌మెంటు మీద అట్టలు పోయిన పాత కామిక్స్ కట్టలుగా దొరుకుతాయి. ప్రయోగాలన్నీ వాటి మీదే. అసలు పుస్తకం ఇంద్రజాల్ కామిక్స్ వారి ఫాంటమ్. అడుగు అంచు నుంచి పైకి 58 మిల్లీమీటర్ల చిరుగు. అది పోయి పోయి లెండింగ్ లైబ్రరీ వాళ్ల కోడిగుడ్డు ఆకారపు ఊదా ముద్ర మీదుగానే పోయింది.

ఆ లైబ్రరీ మాంబళంలో మా వీధి చివర ఉండేది. ఇంట్లో అనుమతి ఉన్నది చందమామకు మాత్రమే. వడపళనిలోనే అచ్చయ్యే పత్రిక కాబట్టి అది మన సొంతమన్నట్టు నాన్న గర్వపడేవారు. ఫాంటమ్ మాత్రం అక్క స్కూలు సంచిలో, లెక్కల నోటుబుక్కు మధ్యలో దాక్కుని వచ్చేది. అక్కకు ఇంగ్లీషు వచ్చు, నాకు బొమ్మలు వచ్చు. తను చదివి తెలుగులో చెప్పేలోగా నేను పేజీ తిప్పేసేవాణ్ణి, నెత్తిన మొట్టికాయ పడేది. ఫాంటమ్ ఉండే డెంకాలి అడవి తిరువళ్లూరు దాటితే వస్తుందని చాలాకాలం నమ్మాను. అసలు కథలో ఆ దేశం పేరు బంగల్లా అని, ఇండియా కోసం మార్చారని పెద్దయ్యాక తెలిసింది. లైబ్రరీ మూసేసేటప్పుడు పుస్తకాలు తూకానికి అమ్మేశారు. మా ఇంటికి చేరిన కొద్దిపాటి పుస్తకాల్లో ఇదొకటి.

ఇక గీత సంగతి. ఇలాంటి చౌక కాగితం పాతబడేకొద్దీ అందులో గోధుమరంగు పదార్థాలు తయారవుతాయి, అవి నీళ్లలో కరుగుతాయి. జిగురులోని తడి పక్కకు పాకుతూ వాటిని మోసుకుపోయి, తడికీ పొడికీ మధ్య సరిహద్దులో దించేస్తుంది. ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. నాకు అంతుపట్టనిది దూరం. గోధుమ పిండిపదార్థం ఒక పాలుకు నీళ్లు ఆరు పాళ్లు కలిపినప్పుడు గీత 6 మిల్లీమీటర్ల దూరంలో వచ్చింది. నాలుగు పాళ్లకు 4. మూడు పాళ్లకు 3. అంటే చిక్కదనం పెంచితే గీత దగ్గరికి వస్తోంది కానీ పోవడం లేదు, పైగా ముదురుతోంది. అదే సరుకు తక్కువ చోట కుప్ప పడుతోందని నా ఊహ. 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే, మామూలు వెలుతురులో ఏమీ లేదనుకున్న చోట కూడా పాలిపోయిన మెరుపు కనిపిస్తుంది. ఇవాళ కనబడని గీత కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరగొచ్చు కాబట్టి ‘కనిపించడం లేదుగా’ అని సరిపెట్టుకోలేను.

జపాన్ టిష్యూ మందం మీద కూడా అనుమానం ఉంది. 9 జీఎస్ఎం (చదరపు మీటరుకు 9 గ్రాములు) టిష్యూ ఎక్కువ జిగురు తాగుతుంది. 5 జీఎస్ఎం వేస్తే గీత పలచబడింది, కానీ మడత దగ్గర అతుకు నిలవలేదు. చెన్నై గాలి రెండో అనుమానం. ఏసీ లేకుండా పొద్దున్నే నా మీటరు తేమ 78 శాతం చూపిస్తుంది. కాగితం అప్పటికే చెమ్మగిల్లి ఉంటుంది, ఆరడానికి మొండికేస్తుంది.

నీళ్లు మానేసి ఆల్కహాల్‌లో కరిగే క్లూసెల్-జి అనే జిగురు పూసిన టిష్యూను ఆల్కహాల్‌తో అతికిస్తే గీత గొడవే లేదు. తీసిపారేసిన పేజీ మీద అద్భుతంగా కుదిరింది. కానీ అదే లైబ్రరీ ముద్ర ఉన్న మరో చిరుగు ముక్క మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క పెట్టగానే ముద్ర అంచు పొగలా విచ్చుకుంది. స్టాంపు ప్యాడ్ రంగు నీళ్లలోనూ కరుగుతుంది, ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. ఆ పేజీలో రెండు ఊదాలున్నాయి. ఫాంటమ్ దుస్తులది అచ్చు సిరా, నీళ్లకు చలించదు. ఫాంటమ్‌ను సృష్టించిన లీ ఫాక్ మనసులో ఆ దుస్తులు బూడిదరంగువట, 1939లో ఆదివారం రంగుల స్ట్రిప్ మొదలయ్యాక ఊదా అయ్యాయి. ముద్రదే పిరికి ఊదా.

అక్కకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే, “ముద్ర ఉంటే ధర తగ్గుతుందని నువ్వే చెప్పావు కదరా, పోతే పోనీ” అంది. అమ్మడానికా అక్కా? ముద్ర లేకపోతే అది ఎవరి పుస్తకమైనా కావచ్చు. ముద్ర ఉండాల్సిందే.

తుప్పు పట్టిన పిన్నులు తీసి స్టీలువి వేశాను, బాగా వచ్చింది. పీవీసీ కవర్లన్నీ తీసేసి మైలార్ అనే పాలిస్టర్ కవర్లకు మారాను. ఖరీదు గుండె గుభేలుమనిపిస్తుంది, అయినా పీవీసీ వాసన వచ్చే అలమరాలో పుస్తకం పెట్టను. తెల్ల జిగురుతో అతికించమనేవాళ్లకు ఒకటే మాట: రేపు దాన్ని ఊడదీసేది మీరేనా? యాక్రిలిక్ పూసిన టిష్యూను ఇస్త్రీ వేడితో అతికించే పద్ధతి కూడా ఉంది. ఈ కాగితానికి ఆ వేడి చూపించడానికి నాకు చేయి రాదు.

ఇప్పుడు ఆశ జెలటిన్ మీద. 3 శాతం జెలటిన్ పూసి ఆరబెట్టిన టిష్యూను, తడి స్పాంజి మీద పరిచిన ఫిల్టర్ పేపరుపై కొద్ది సెకన్లు ఉంచితే అంటుకునేంత చెమ్మ మాత్రమే పడుతుంది. నీళ్లంటే పడని పాత సిరా రాతలకు పరిరక్షకులు వాడే పద్ధతే ఇది. ముద్ర దాటిన భాగానికి దాన్నే వాడి, ముద్ర మీద మాత్రం ముందువైపు ఏమీ వేయకుండా వెనకనుంచి 4 మిల్లీమీటర్ల ముక్క అతికించాలి. అక్కడ కాగితం ఎంత పలచనో చూస్తే వెనక చెమ్మ ముందుకు రాదన్న నమ్మకం సగమే. ఆవిరైపోయే సైక్లోడోడెకేన్ మైనంతో ముద్రను కప్పితే పూర్తి ధీమా ఉంటుంది కానీ, ఇక్కడ చిన్న పరిమాణంలో అమ్మేవాళ్లు నాకింకా దొరకలేదు.

ఈశాన్య రుతుపవనాలు వెళ్లేదాకా అసలు పేజీ ముట్టను. ఈలోగా సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళంలో, మూర్ మార్కెట్ కాలిపోయాక కొట్లు మారిన చోట, అదే లైబ్రరీ ముద్ర ఉన్న చిరుగు పుస్తకాలు ఏమైనా తగులుతాయేమో వెతకాలి. 1972లో మొదలైన తమిళ ముత్తు కామిక్స్ పాత సంచికలు రెండు అక్కడ కొట్టతనికి చెప్పి ఉంచాను. వాటి వెన్ను పూర్తిగా విడిపోయిందట. జెలటిన్ పని చేస్తే తర్వాత వంతు వాటిదే.