ఏడు, ఎనిమిది, మధ్యలో ఒక కత్తెర

మా బృంద నృత్య ప్రదర్శన నిన్ననే ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

కూచిపూడి, వాల్ట్జ్, హిప్‌హాప్ మూడింటినీ ఒకే నృత్యంలో కూర్చాలన్నది నా ఆలోచన. పాటల ఎంపిక, దుస్తులు ఇట్టే తేలిపోయాయి. వాల్ట్జ్‌ది మూడు దెబ్బల నడక కనుక తకిట అనే మూడక్షరాల లెక్కకు అలవాటుపడ్డ పాదాలు దాన్ని తొందరగానే పట్టుకున్నాయి. మోకాళ్లు వంచి నిలిచే అరమండికి అలవాటైన శరీరాన్ని మునివేళ్ల మీదికి లేపడానికి మాత్రం కొంత సాధన కావలసివచ్చింది.

అసలు కష్టమంతా చివరి ఘట్టంలోనే ఉంది. అక్కడ మృదంగం మిశ్రచాపు తాళంలో, తకిట తకధిమి అని ఏడు అక్షరాలతో నడుస్తుంటే, డ్రమ్స్ ఎనిమిది దెబ్బల లెక్కలో సాగుతాయి. ఎవరి లెక్క వారు పెట్టుకుంటూ పోతే, మృదంగంలో ఎనిమిది ఆవర్తాలూ (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తం) డ్రమ్స్‌లో ఏడు ఎనిమిదులూ పూర్తయ్యాక, అంటే 56 దెబ్బలు గడిచాక, అందరి పాదాలూ ఒకే సమం మీద, ఆవర్తం మొదలయ్యే దెబ్బ మీద, పడతాయి. ఒక శైలి పక్కన ఇంకొకటి అతికించి సమ్మేళనం అని పేరుపెట్టేవారు చాలామందే ఉన్నారు. రెండు లెక్కలను ఇలా నడిపించి కలపడం అందరివల్లా అయ్యే పని కాదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

సమయం చాలదంటూ, నాతో ఒక్క మాటైనా అనకుండా, నిర్వాహకుడు సరిగ్గా ఆ ఘట్టంలోనే 20 సెకన్లు కోయించారు. ఆ సంగతి తెలియని మేము అందరి ముందూ పూర్తి సాధన మొదలుపెట్టాము. కోసిన చోటికి వచ్చేసరికి ముందు వరుసలో ఒకామె ఎత్తిన పాదం దింపడానికి దెబ్బ దొరక్క అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి తిరిగి వస్తున్న ఇద్దరు ఆమెకు తగిలారు. ఆయన నవ్వి, "మీవాళ్లకు ఇంకా లెక్క కుదిరినట్టు లేదు మేడమ్, ఏదైనా తేలికపాటి పాట చూసుకోకూడదా?" అన్నారు. కత్తెర పట్టినవారే ఆ మాట అనడం నేను ఇప్పట్లో మరిచిపోలేను.

నిమిషానికి 112 దెబ్బల వేగంలో 20 సెకన్లంటే 37 దెబ్బలూ, మరో దెబ్బలో మూడో వంతూ. ఏ లెక్కకూ అందదు. అదే వేగంలో 56 దెబ్బలకు సరిగ్గా 30 సెకన్లు పడుతుంది. అసలు పాటనే తిరిగి తెప్పించుకుని, సమం నుంచి సమం వరకు ఆ 30 సెకన్లూ నేనే తీయించాను. సెకన్లలో అడిగేవారికి ఆవర్తాల్లోనే జవాబివ్వండి. పాటను ఎక్కడ కోయవచ్చో కాగితం మీద రాసి ఇవ్వండి, సంతకం కూడా తీసుకోండి. వేదిక మీద వినిపించబోయే పాటను సాధనకు ముందే చివరిదాకా వినండి.

నిన్న అందరి పాదాలూ సమం మీదే పడ్డాయి. నిర్వాహకుడు మాత్రం అదనంగా పది సెకన్లు కలిసివచ్చాయని సంతోషించారు.