మిగతా 70 శాతం మన చేతిలో ఉండగానే

గుంటూరు మిర్చి యార్డులో మచ్చు చూడకుండా ఎవరూ ధర చెప్పరు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పించి, కాయ విరిచి, తాలు (రంగు పోయిన కాయ) ఎంతుందో చూశాకే బేరం. అంత జాగ్రత్త గల మనుషులే చైనా నుంచి కలర్ సార్టర్ (రంగు చూసి తాలును వేరుచేసే మిషన్) తెప్పించుకునేటప్పుడు మాత్రం వాట్సాప్ వీడియో చూసి డబ్బు కట్టేస్తున్నారు. నాకు అది చూస్తే భయమేస్తుంది. మా కారం మిల్లుకి బ్యాంకు పనులు, దిగుమతి కాగితాలు చూసేది నేనే.

"దిగుమతికి కావాల్సిన ఐఈసీ నంబరు వచ్చేసిందక్కా, సార్టర్‌కి 30 శాతం అడ్వాన్స్ ఎప్పుడు పంపను?" అని మా బాబాయి కొడుకు అడిగాడు. ముందు అమ్మేది ఎవరో తేల్చుకోరా అన్నాను. చైనా కంపెనీ బిజినెస్ లైసెన్సు మీద అక్షరాలూ అంకెలూ కలిపి 18 ఉండే నంబరు ఉంటుంది. దాన్ని అక్కడి ప్రభుత్వ రిజిస్టరులో వెతికితే కంపెనీ చైనీస్ పేరు, పెట్టిన తేదీ, చేసే వ్యాపారం కనిపిస్తాయి. తయారీ మాటే లేకపోతే మనం మాట్లాడుతున్నది బహుశా మధ్యవర్తితో. అదేం నేరం కాదు గానీ, రేపు మిషన్ ఆగితే బాధ్యత ఎవరిదో ఇప్పుడే రాయించుకోవాలి. మన తేజ మిర్చిని చైనావాళ్లు బాగా కొంటారు కదా, ఇక్కడి ఎగుమతిదారుల్లో తెలిసినవాళ్లుంటే అక్కడి పార్టీ చేత ఒకసారి వాకబు చేయించొచ్చు.

అమ్మేవాళ్లు ముందుగా పంపే ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో "కలర్ సార్టర్, ఒకటి" అని ఉంటే చాలదు. గంటకు ఎన్ని కిలోల ఎండుమిర్చి అన్నది ఉండాలి. బియ్యానికి చెప్పే లెక్క మిర్చికి రాదు. చైనాలో త్రీ ఫేజ్ కరెంటు 380 వోల్టులు, మనకు 415. అదీ రాయించాలి. స్పేర్ ఎజెక్టర్లు (గాలి ఊది తాలును పక్కకు నెట్టే భాగాలు) ఎన్నిస్తారో, రేటు ఏ పోర్టు వరకో కూడా.

డబ్బు వెళ్లే ఖాతా పేరు, ఇన్వాయిస్ మీద పేరు ఒకటే కావాలి. సేల్స్ మనిషి సొంత ఖాతా ఇస్తే అక్కడితో ఆపేయాలి. "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే, అది ఎంత అసలుదానిలా ఉన్నా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు వీడియో కాల్ చేసి, ముఖం చూసి మాట్లాడాకే కదలాలి. మెయిల్ హ్యాక్ చేసినవాళ్లు కాచుకుని ఉండేది సరిగ్గా ఆ సమయానికే.

మావాడు ఎల్‌సీ (కాగితాలు సరిపోతే అమ్మేవాళ్లకు డబ్బు కడతానని మన బ్యాంకు ఇచ్చే హామీ) పెడితే ఇక చింత లేదనుకున్నాడు. ఎల్‌సీలకు వర్తించే యూసీపీ 600 నిబంధనలు 2007 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే తుప్పు పట్టిన మిషన్‌కైనా డబ్బు వెళ్లిపోతుంది. అందుకే ఎల్‌సీ అడిగే కాగితాల్లో తనిఖీ సర్టిఫికెట్‌ను చేర్పించాలి. ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్ లాంటి తనిఖీ సంస్థలవాళ్లు ఫ్యాక్టరీకి మనిషిని పంపుతారు. చిన్న ఆర్డరుకి ఎల్‌సీ ఒప్పుకోకపోయినా, మిగతా 70 శాతం ఆ రిపోర్టు చూశాకే అని ఒప్పందంలో పెట్టుకోవాలి.

ఏం చూడాలో కూడా మనమే రాసివ్వాలి. ఎండుమిర్చి పోసి నడిపించి, ఎర్రకాయలో తాలు ఎంత మిగిలిందో, తాలుతోపాటు మంచికాయ ఎంత పోయిందో తూకం వేసి రాయమనాలి. ఫీజు ఖర్చే, కానీ నేనైతే రూపాయి కూడా తగ్గించుకోను.

"వాళ్లు తనిఖీ వద్దంటే?" అన్నాడు. వదిలెయ్ అన్నాను. చైనాలో ఒక్క హెఫే నగరంలోనే కలర్ సార్టర్లు చేసేవాళ్లు బోలెడుమంది.