తడిసిన ఒంటికి గాలి తగిలితే

తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు నీళ్ళంటే పుష్కరిణి, కపిలతీర్థం, అంతే. ముప్ఫై దాటాక డింగీ నేర్చుకోవాలనిపించింది. ఒకరో ఇద్దరో కూర్చునే చిన్న తెరచాప పడవ అది. ఆదివారాలు తెల్లవారుజామున బస్సెక్కి చెన్నై వెళ్ళేదాన్ని. పడవ సంగతి తర్వాత, ముందు బట్టల దగ్గరే ఇబ్బంది పడ్డాను.

మొదటి క్లాసు ఫిబ్రవరిలో. ఎండ బాగుంది కదా అని జీన్సు, కాటన్ టీషర్టు వేసుకున్నాను. ఆ రోజే పడవను కావాలని బోల్తా కొట్టించి, తిరిగి నిలబెట్టడం నేర్పించారు. అలా నిలబెట్టాలంటే పడవ అడుగు నుంచి బయటికి వచ్చే సెంటర్‌బోర్డ్ అనే పలక మీదికి ఎక్కాలి. తడిసిన జీన్సు మోకాలు వంగనివ్వలేదు. మూడోసారికి ఎక్కగలిగాను. నీళ్ళు చల్లగా లేవు, చలి పుట్టింది పడవలో కూర్చున్నాకే. ధనుర్మాసంలో తిరుమల పుష్కరిణిలో మునిగి తడి బట్టలతో గాలిలో నిలబడితే పళ్ళు ఎలా కొట్టుకుంటాయో, అచ్చం అలాగే. కుండకు తడిగుడ్డ చుడితే నీళ్ళు చల్లబడతాయి కదా, కాటన్ చొక్కా ఒంటికి అదే పని చేస్తుంది. నీటిని వదలదు, గాలికి ఆరుతున్నంతసేపూ ఒంట్లో వేడి లాగేస్తుంది.

స్కాట్లాండ్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "అక్కా, ఇక్కడ ఎండ చూసి బట్టలేసుకోరు, నీళ్ళ చలి చూసి వేసుకుంటారు" అన్నాడు. ఏప్రిల్‌లో ఎంత ఎండ కాసినా అక్కడ సముద్రం 10 డిగ్రీల లోపే ఉంటుందట. అందుకే నియోప్రీన్ అనే మెత్తని రబ్బరుతో చేసి, ఒంటి వేడిని నిలిపే వెట్‌సూట్ గానీ, నీరు చొరబడని డ్రైసూట్ గానీ వేసుకుంటారు. మన సముద్రానికి అవి అక్కర్లేదు. వెట్‌సూట్ వేసుకుంటే మన ఎండకు ఉడికిపోతాం.

నేను కొన్నవి తక్కువే. రాష్‌గార్డ్ అనే, ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల పాలిస్టర్ చొక్కా, త్వరగా ఆరే లెగ్గింగ్స్, రబ్బరు అడుగున్న బూట్లు, తాడు లాగడానికి వేళ్ళ చివరలు తెరిచి ఉన్న గ్లౌజులు. చున్నీ వద్దు, వేలాడే తాళ్ళున్న చొక్కా వద్దు, ఏదో ఒకదానికి చిక్కుకుంటాయి. జడ ముడేసుకోవాలి.

లైఫ్‌జాకెట్ విషయంలో మాత్రం రాజీ పడకండి. నాకు మొదట ఇచ్చింది వదులుగా ఉంది. కోచ్ నా వెనక నిలబడి రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా వచ్చేసింది. నీళ్ళలో పడితే జరిగేదీ అదే, జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారతాడు. ఒక సైజు తగ్గించి, పట్టీలన్నీ బిగించాక కదల్లేదు. ఇప్పుడు ప్రతిసారీ పక్కవాళ్ళతో అలా లాగించుకుని చూసుకుంటాను.

మే నెల కత్తిరి ఎండల్లో వెళుతుంటే అమ్మ ఆపింది. "ఇంత ఎండలో పొడుగు చేతులదేందే పాపా?" అంది. అంతకు ముందు వారమే నా గడ్డం కింద చర్మం ఊడింది. టోపీ పెట్టుకున్నా నీటి మీద పడి లేచిన ఎండ కింది నుంచి కాల్చింది. అది చూపించాక ఇంకేం అనలేదు. సన్‌స్క్రీన్ గడ్డం కింద, చెవుల వెనక కూడా రాస్తున్నాను. టోపీకి, కళ్ళద్దాలకు తాడు కట్టుకుంటున్నాను.

నవంబరు వానల్లో రాష్‌గార్డ్ మీద పల్చని గాలి ఆపే జాకెట్, దాని పైన లైఫ్‌జాకెట్. ఉరుము వినబడితే ఏ బట్టలూ పనికిరావు, ఒడ్డుకు వచ్చేయడమే.

ఇంటికి రాగానే అన్నీ మంచినీళ్ళలో నానబెట్టి, నీడన దండెం మీద ఆరేస్తాను. పోయిన వారం అమ్మ గ్లౌజు పిండి, వేలితో నాలుకకు రాసుకుని చూసింది. "ఉప్పు ఇంకా పోలేదు పాపా, ఇంకో బకెట్ పట్టు" అంది.